విప్పి చూడని విద్య

పాత సైకిలు దాపరికం లేని యంత్రం. దాని గొలుసు, పళ్ళచక్రాలు, బ్రేకుకడ్డీలు, ఇరుసులోని గోలీలు అన్నీ కంటికి కనిపించేవే. లేదా పానాతో ఒక నట్టును వదులు చేయగానే కనిపించేవే. గొలుసు జారితే ఎందుకు జారినదో చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అవసరం లేదు. బడికి పోయే కుర్రవాడు చెప్పగలడు. నర్సీపట్నం వంటి ఊళ్ళలో చెట్టునీడన ఒక పంపు, ఒక నీళ్ళ బేసిను, నాలుగు పానాలు పెట్టుకొని కూర్చున్న మనిషి, తనకే తెలియకుండా, మూడు తరాల పిల్లలకు యంత్రశాస్త్రం బోధించాడు. పంక్చరు వేయించుకొనడానికి వచ్చిన పిల్లవాడు ట్యూబును నీటిలో ముంచి, బుడగలు వచ్చినచోట వేలు పెట్టి చూపడం నేర్చుకున్నాడు. లోపాన్ని వెదకడం, కారణాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షకు పెట్టడం అనే మూడు మెట్లను ఆ బేసిను వద్దనే ఎక్కాడు.

ఇప్పుడు ఆ సైకిలుకు విద్యుత్తు తోడైనది. జనం బ్యాటరీ సైకిలని పిలుచుకొనే ఈ వాహనం సామాన్యునికి పనికివచ్చేదే. మోటారు శక్తి పావు కిలోవాటుకు, అనగా 250 వాట్లకు, లోబడి, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉన్నంతవరకు, మన దేశపు మోటారు వాహన నిబంధనలు దీనిని మోటారు వాహనంగా పరిగణించవు. లైసెన్సు అక్కరలేదు, పెట్రోలు ఖర్చు లేదు, పొగ లేదు. కాళ్ళ నొప్పులున్న పెద్దలు, దూరపు బడులకు పోయే విద్యార్థులు దీనివల్ల సుఖపడగలరు.

మోటారును అమర్చిన చోటును బట్టి ఈ సైకిళ్ళు ముఖ్యంగా రెండు తెగలు. ఒక తెగలో మోటారు చక్రం నడిబొడ్డున, హబ్బులో ఉంటుంది. రెండవ తెగలో పెడళ్ళ ఇరుసు వద్ద, సైకిలు చట్రానికి నట్టనడుమ ఉంటుంది. దీనికే మిడ్‌డ్రైవ్ మోటారని పేరు. హబ్బు మోటారు తానున్న చక్రాన్ని మాత్రమే తిప్పుతుంది. నడుమనున్న మోటారు మనిషి కాళ్ళవలెనే గొలుసును లాగుతుంది. కాబట్టి సైకిలుకున్న గేర్ల లాభమంతా దానికి దక్కుతుంది. ఎత్తు ఎక్కవలసినప్పుడు చిన్న గేరుకు మారితే మోటారు తనకు అనువైన వేగంతోనే తిరుగుతూ బరువును లాగగలదు. కొండదారులకు ఈ తెగ మేలైనదని చెప్పడంలో తప్పులేదు. ఐతే, పాత సైకిలులో బట్టబయలుగా ఉన్న నడిమి భాగం ఈ కొత్త సైకిలులో మూతపడిన లోహపు పెట్టె ఐనది. వచ్చిన చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఉదాహరణకు ఒక ఉపాధ్యాయుని ఊహించవచ్చును. ఇల్లు నర్సీపట్నంలో, బడి చింతపల్లి దారిలో. మిడ్‌డ్రైవ్ మోటారున్న సైకిలు కొన్నాడు. ఒక వర్షాకాలం గడిచిన పిమ్మట దారిమధ్యలో మోటారు గరగరమని శబ్దం చేసి ఆగిపోయినది. బరువైన ఆ బండిని తొక్కుకొంటూ ఊరు చేరి, పరిచయమున్న మెకానిక్కు ముందు నిలబెట్టాడు. ఆ మెకానిక్కు చుట్టూ తిరిగి చూచి, "మాస్టారూ, ఇది మాచేత అయ్యే పని కాదండి. లోపల ఏమున్నదో ఎవరికి తెలుసును? కంపెనీవాళ్ళకే చూపించండి" అంటాడు. కంపెనీ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నదనుకొంటే, అది ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరం. ఊరిపేరు పెట్టుకొన్న నర్సీపట్నం రోడ్డు రైల్వే స్టేషను సైతం ఊరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరాననే ఉన్నది. సైకిలును బస్సు మీదికెక్కించి అంతదూరం తీసుకొనిపోతే, అక్కడ లభించే సమాధానం మోటారు మొత్తం మార్చవలెనన్నది కావచ్చును. సైకిలు వెలలో మోటారుది కూడ పెద్ద భాగమే. ఉపాధ్యాయుడు నిట్టూర్చి సైకిలును వసారాలో నిలబెడతాడు. అది అక్కడనే తుప్పు పడుతుంది.

ఈ ఊహాచిత్రంలో ఎవరి దోషమూ ప్రత్యేకంగా లేదు. మెకానిక్కు నిజాయితీపరుడు, తెలియనిది తెలియదన్నాడు. ఉపాధ్యాయుడు చదువుకొన్నవాడు, విద్యుత్తును గురించి, అయస్కాంతాన్ని గురించి పాఠం చెప్పినవాడే కావచ్చును. ఐనా, ఆ రెండూ కలిసి పనిచేసే పెట్టె ఎదుట ఇద్దరూ నిరక్షరాస్యులైనారు. ఆ పెట్టెను విప్పి చూడడం దుస్సాహసం కాదనీ, క్రమపద్ధతిలో చేసినట్లయితే అది విద్యలోకెల్ల గొప్ప విద్య అనీ, అట్లు విప్పగలిగే నేర్పును పిల్లలకు కలిగించడం బడుల బాధ్యత అనీ, విప్పుటకు వీలిచ్చే విధంగా యంత్రాలను చేయడం తయారీదారుల బాధ్యత అనీ గుర్తింపవలసిన కాలం వచ్చినది.

విప్పడానికి ముందు చూడడమనే పని ఒకటున్నది. పెట్టె ఆగిపోయినంత మాత్రాన లోపం పెట్టెలోనే ఉండనక్కరలేదు. వెనుకచక్రపు పుల్లకు ఒక చిన్న అయస్కాంతం బిగించి ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడెల్లా అది ఎదుటనున్న గ్రాహకాన్ని దాటిపోతుంది. ఆ లెక్కను బట్టి యంత్రం వేగాన్ని తెలుసుకొంటుంది. ఆ చిన్న అయస్కాంతం ఒక అంగుళం పక్కకు జరిగితే చాలును, చాలా సైకిళ్ళలో మోటారు సహాయం నిలిచిపోతుంది. బ్రేకుపిడిలో మరొక మీట ఉంటుంది. బ్రేకు పట్టగానే మోటారుకు విద్యుత్తు ఆపడం దాని పని. మట్టి చేరి అది ఇరుక్కొనిపోతే, బ్రేకు పట్టకపోయినా పట్టినట్లే యంత్రం భావిస్తుంది. తీగల కూడళ్ళలో నీరు చేరి పచ్చని చిలుము పట్టడం మరొకటి. వీటిని చూడకుండా మోటారు విప్పడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకినట్లే అవుతుంది.

పై పరీక్షలలో లోపం దొరకనప్పుడు విప్పవలసినదే. మొట్టమొదట బ్యాటరీని తీసివేసి దూరంగా పెట్టవలెను. కంట్రోలరులోని కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును నిలువ ఉంచుకొంటాయి కాబట్టి తొందర పనికిరాదు. పిమ్మట పెడలుచేతులను ఊడదీయవలెను. ఇరుసుకు గట్టిగా పట్టుకొని ఉన్న క్రాంకును సుత్తితో కొట్టి తీసేవాడు ఇరుసును, బేరింగును కూడ చెడగొడతాడు. దానికి పుల్లరనే పనిముట్టు వేరే ఉన్నది. పెడళ్ళను విప్పవలసి వస్తే వానిలో చిన్న రహస్యమొకటి కలదు. కుడి పెడలు మర అన్నిటివలెనే ఉంటుంది. ఎడమ పెడలుది ఎదురుమర. దానిని కుడివైపునకు తిప్పితే వదులవుతుంది. ఈ సంగతి తెలియక బలమంతా పెట్టి దానిని మరింత బిగించేవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ బలం కంటె తెలివి ఎక్కువ పనిచేస్తుంది.

పెట్టెకు చుట్టూ ఉన్న స్క్రూలు అన్నీ ఒకే పొడవు కావు. ఏది ఏ రంధ్రంలోనుంచి వచ్చినదో గుర్తుంచుకొనడానికి అట్టముక్కపై పెట్టె బొమ్మ గీసి, ఆయా చోట్లనే స్క్రూలను గుచ్చిపెట్టడం మంచి పద్ధతి. విడదీసిన వరుసకు తలక్రిందులైన వరుసలో తిరిగి కూర్చవలెను. తెలుగు పాఠం చదివే విద్యార్థికి ఇందులో కొత్త ఏమీ లేదు. సంధిని విడదీయడం, సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం, తిరిగి కలిపి చూపడం అతడు నిత్యం చేసే పనులే. వ్యాకరణమనే మాటకు విడదీసి తెలుపడమనియే అర్థం గదా! విడదీయరాని పదాన్ని బట్టీయం వేయవలసినదే. విడదీయగలిగిన పదం స్వాధీనమవుతుంది. యంత్రం విషయంలోనూ ఇదే నియమం.

మూత తీయగానే మొదట కనిపించేది పళ్ళచక్రాల వరుస. లోపలి మోటారు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. మనిషి కాళ్ళు సాధారణంగా అరవై నుంచి తొంభై చుట్లు తొక్కుతాయి. ఈ రెండు వేగాలకు పొత్తు కుదర్చడమే ఆ చక్రాల పని. చాలా మోటార్లలో ఈ వరుసలోని ఒక చక్రం ఉక్కుది కాదు, నైలానుది. చూచినవారు కంపెనీ పిసినారితనమని కోపగించుకోవచ్చును. కాని, నైలాను చక్రం శబ్దం తగ్గిస్తుంది. అంతకంటె ముఖ్యంగా, మోయరాని భారం పడినప్పుడు తన పళ్ళను తాను పోగొట్టుకొని, విలువైన ఉక్కు భాగాలను కాపాడుతుంది. ఇంటి విద్యుత్తు పెట్టెలో ఫ్యూజు చేసే త్యాగం వంటిదే ఇది. చౌకైన భాగం ఒకటి విరిగి ఖరీదైన యంత్రాన్ని రక్షించవలెనని యంత్రకర్త ఉద్దేశించినాడు. అట్లు విరిగిన చౌకభాగాన్ని దొరకనీయకుండా మోటారు మొత్తం మార్చవలెనని చెప్పినప్పుడు ఆ యంత్రకర్త ఉద్దేశమే భంగపడుతున్నది.

చక్రాల వెనుక మోటారు. దీనిలో పాత మోటార్లలోవలె రాసుకొంటూ అరిగిపోయే కార్బను బ్రష్షులు ఉండవు. తిరిగే భాగానికి బలమైన అయస్కాంతాలు, కదలని భాగానికి మూడు వరుసల రాగి తీగచుట్టలు ఉంటాయి. ఏ క్షణంలో ఏ చుట్టకు విద్యుత్తు పంపవలెనో కంట్రోలరు నిర్ణయించవలెను. దానికి అయస్కాంతం ఎక్కడున్నదో తెలియవలెను. తెలిపేవి మూడు చిన్న హాల్ గ్రాహకాలు. విద్యుత్తు ప్రవహించే లోహపురేకుకు అడ్డంగా అయస్కాంతక్షేత్రాన్ని ఉంచితే రేకు అంచుల మధ్య వోల్టేజి పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్నాడు. ఆనాడు అది ప్రయోగశాలలోని వింత. ఈనాడు అదే ఆధారంగా సైకిలు నడుస్తున్నది.

ఈ గ్రాహకాలను పరీక్షించడం ఉన్నతపాఠశాల విద్యార్థికి కూడ సాధ్యమే. వానికి సుమారు అయిదు వోల్టుల విద్యుత్తు ఇచ్చి, ఒక్కొక్కదాని తీగకు మల్టీమీటరు తగిలించి, మోటారును చేతితో మెల్లగా తిప్పితే, అంకె సున్నకు, అయిదుకు మధ్య మారుతుండవలెను. మారనిది చెడిపోయినది. మూడు గ్రాహకాలకు రెండేసి స్థితులు కాబట్టి లెక్కప్రకారం ఎనిమిది కూర్పులు రావలెను. కాని సరిగా పనిచేసే మోటారులో ఆరే కనిపిస్తాయి. మూడూ ఒకేసారి అయిదుగాగాని, మూడూ ఒకేసారి సున్నగాగాని ఉండడం జరుగదు. ఎందుకు జరుగదో విద్యార్థిచేత కాగితంపై గీయించి చెప్పించగల ఉపాధ్యాయుడు, గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ ఒకే పాఠంలో బోధించినవాడవుతాడు.

రాగి చుట్టలకు మరొక పరీక్ష కలదు. దానికి మీటరు కూడ అక్కరలేదు. మోటారునుంచి వచ్చే మూడు లావుపాటి తీగలను కంట్రోలరునుంచి విడదీసి, మోటారును చేతితో తిప్పితే సులువుగా తిరగవలెను. ఆ మూడింటిలో ఏ రెండు కొనలను కలిపి తిప్పినా బరువుగా తిరగవలెను. తన పుట్టుకకు కారణమైన కదలికను ప్రేరిత విద్యుత్తు ఎదిరిస్తుందని 1834లో లెంజ్ చెప్పిన నియమం చేతివేళ్ళకు తెలిసే చోటు ఇది. తీగలు విడిగా ఉన్నప్పుడే మోటారు బరువుగా తిరిగితే, లోపల చుట్టలు ఒకదానినొకటి తాకినవని గాని, బేరింగు పట్టివేసినదని గాని అనుమానింపవలెను. పరీక్షాపత్రంలో లెంజ్ నియమాన్ని పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థులు ఏటేటా వేలకొలది ఉంటారు. ఆ నియమాన్ని వేళ్ళతో తాకినవారు వారిలో ఎందరు?

లోపం ఎక్కడున్నదో తెలిసినంత మాత్రాన పని పూర్తికాలేదు. ఎందుకు కలిగినదో తెలియవలెను. నైలాను పళ్ళు అరిగినవని కనుగొని కొత్త చక్రం బిగించినా, కారణం తెలియకపోతే అదే చక్రం మళ్ళీ అరుగుతుంది. నర్సీపట్నంనుంచి లంబసింగి దాక ఉన్న దారినే తీసుకోవచ్చును. పట్నం నూరు మీటర్లకు లోపు ఎత్తున ఉన్నది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నది. మనిషి, సైకిలు, సంచి కలిసి నూరు కిలోలనుకొంటే, వానిని తొమ్మిదివందల మీటర్లు పైకెత్తుటకు 8,82,000 జౌళ్ళ శక్తి, అనగా 245 వాట్-గంటలు, కావలెను. 36 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు నిలువ 360 వాట్-గంటలు. గాలి, రాపిడి, వేడి తినివేసేది వేరు. 250 వాట్ల మోటారు ఏ నష్టమూ లేకుండా పనిచేసినా ఈ ఎత్తుకు దాదాపు గంటసేపు పూర్తిబలంతో లాగవలెను. అటువంటి దారిలో గేరు మార్చకుండా, పెడలు తొక్కకుండా భారమంతా మోటారుపై వేస్తే, అది నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ విద్యుత్తును మ్రింగి వేడెక్కుతుంది. వేడికి నైలాను మెత్తబడుతుంది. గ్రీజు కరగి పక్కకు పోతుంది. అప్పుడు లోపం మోటారులో కనిపించినా దాని మూలం నడిపిన తీరులో ఉన్నట్లు. విప్పి చూచినవానికే ఈ వివేకం కలుగుతుంది. మోటారు మార్పించుకొన్నవాడు రెండవ మోటారును కూడ అట్లే నడుపుతాడు.

ఈ యంత్రం ఆకాశంనుంచి ఊడిపడినది కాదు. 1895లో అమెరికాలోని ఓగ్డెన్ బోల్టన్ వెనుకచక్రపు హబ్బులో మోటారున్న సైకిలుకు పేటెంటు పొందినాడు. 1897లో బోస్టను నగరవాసి హొసియా లిబ్బీ పెడళ్ళ ఇరుసు వద్దనే జంటమోటారు పెట్టే ఆలోచనకు పేటెంటు పొందినాడు. ఆనాటి అయస్కాంతాలు, బ్యాటరీలు ఆ ఆలోచనకు చాలినవి కావు. 1980 దశకంలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చిన పిమ్మట చిన్న మోటారులో పెద్ద బలం సాధ్యమైనది. 1993లో జపానులోని యమహా సంస్థ, కాలి బలాన్ని కొలిచి దానికి తగినంత సహాయమందించే సైకిలును బజారులో పెట్టినది. అయస్కాంతాల ప్రసక్తి వచ్చినది కాబట్టి మరొక సంగతి. నర్సీపట్నమున్న అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురం ప్రాంతపు భాభా అణు పరిశోధనకేంద్రం ఆవరణలో, సమేరియం-కోబాల్టు అయస్కాంతాలు తయారుచేసే కర్మాగారాన్ని 2023లో జాతికి అంకితం చేసినారు. అరుదైన లోహాలతో అయస్కాంతం చేసే విద్య ఇంటి పెరటిదాక వచ్చినది. ఆ అయస్కాంతం వంటిది తన సైకిలులో ఏం చేస్తున్నదో చూచే అవకాశం మాత్రం ఆ జిల్లా పిల్లవానికి ఇంకను రావలసియున్నది.

విప్పి చూచినవాడు ఏమౌతాడన్న ప్రశ్నకు తెలుగువారి చరిత్రలోనే సమాధానమున్నది. కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన జి. డి. నాయుడుకు బడిచదువు ప్రాథమిక దశతోనే ఆగిపోయినది. ఒక ఆంగ్ల అధికారి నడిపే మోటారుసైకిలును చూచి ఆయన ముగ్ధుడైనాడు. హోటలులో సర్వరుగా పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి, ఆ బండినే కొన్నాడు. కొన్నవాడు ఊరేగలేదు. దానిని భాగభాగాలుగా విప్పి, తిరిగి కూర్చి, యంత్రం గుట్టు తెలుసుకొన్నాడు. 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య ఒక బస్సుతో ప్రారంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన రూపొందించిన విద్యుత్ మోటారు భారతదేశంలో తయారైన మొదటిదిగా ప్రసిద్ధి పొందినది. కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు నెలవైన తీరు తెలిసినవారికి ఆ ఒక్క మోటారుసైకిలు విప్పిన ఫలం ఎంతటిదో తెలుస్తుంది. పాశ్చాత్య దేశాలలోను ఇంతే. 1903లో విమానం ఎగురవేసిన రైట్ సోదరులు 1892నుంచి సైకిళ్ళ దుకాణం నడిపినవారు. నాయుడు కొన్న మోటారుసైకిలుకు విప్పరాని ముద్ర వేసి ఉన్నట్లయితే ఏమై ఉండేదో ఆలోచింపవలసిన విషయం.

ఈ వాదానికి ఎదురువాదం లేకపోలేదు. తయారీదారులు చెప్పేదానిలో కొంత నిజమున్నది. పెట్టెను మూసినది వానలోని నీరు, దారిలోని దుమ్ము చేరకుండుటకే. తెలియనివాడు విప్పి, రబ్బరు వాషరును సరిగా కూర్చోబెట్టకపోతే తరువాతి వాననీరే మోటారును తినివేస్తుంది. కొందరు విప్పేది బాగుచేయడానికి కాక, వేగపరిమితిని తీసివేయడానికి. ఇక బ్యాటరీ సంగతి వేరే చెప్పవలెను. మోటారు వేరు, బ్యాటరీ వేరు. లిథియం బ్యాటరీలో ఘటాలు పొరబాటున కలిసిపోతే పుట్టే మంటను నీళ్ళ బకెట్టుతో ఆర్పలేరు. దానిని బడిలోగాని, ఇంటిలోగాని విప్పరాదు. శిక్షణ పొందినవారికే వదలవలెను. ఏది విప్పవచ్చునో, ఏది విప్పరాదో తెలియడం కూడ ఈ విద్యలో భాగమే. ఆ తేడా నేర్పకుండా అన్నిటికీ ఒకే భయం నేర్పడం పొరబాటు.

నీరు చొరకుండా మూయడం ఒకటి. మనిషి చూడకుండా మూయడం వేరొకటి. రబ్బరు వాషరు, పది స్క్రూలు మొదటి పనికి చాలును. విప్పితే పగిలే విధంగా అతికించడం, విడిభాగాలు అమ్మకపోవడం, కొత్త భాగం బిగించినా కంపెనీ కంప్యూటరు అనుమతించనిదే పనిచేయకుండా చేయడం రెండవ కోవకు చెందినవి. ఈ భేదాన్ని ప్రభుత్వాలు గుర్తించడం మొదలైనది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును పరిశీలించుటకు ఒక సంఘాన్ని నియమించినది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలపై దృష్టి పెట్టినది. అదే సంవత్సరం డిసెంబరులో మరమ్మతు వివరాలకై ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. ఐరోపా సమాఖ్య 2024లో వస్తువుల మరమ్మతును ప్రోత్సహించే శాసనాన్ని ఆమోదించి, దాని అమలుకు 2026 జూలై 31ని గడువుగా పెట్టినది. బ్యాటరీ సైకిలు వంటి చిన్న వాహనాలను కూడ ఇట్టి ప్రయత్నాలలో స్పష్టంగా పేర్కొనవలెను. విడిభాగాలు జిల్లా కేంద్రాలలోనైనా దొరకవలెను. విప్పే క్రమాన్ని బొమ్మలతో, తెలుగులో, సైకిలుతోపాటే ఇవ్వవలెను.

శాసనం తలుపు తీయగలదు. లోపలికి నడిచేవారిని తయారు చేయవలసినది బడి. కేంద్రప్రభుత్వం 2016నుంచి అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకాన్ని నడుపుతున్నది. ప్రభుత్వ పాఠశాలలలో అయిదేళ్ళలో మరి 50,000 ప్రయోగశాలలు నెలకొల్పుతామని 2025 బడ్జెటులో ప్రకటించినది. సంతోషించదగిన విషయమే. ఐతే కొత్త పెట్టెలోని భాగాలతో కొత్త బొమ్మను చేయడం ఎంత ముఖ్యమో, చెడిపోయిన వస్తువును విప్పి దాని చావుకు కారణం కనుగొనడం అంత ముఖ్యం. దీనికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి ఉన్నతపాఠశాలలో ఒక బల్లపై చెడిపోయిన మోటారొకటి, పంపొకటి, ఫ్యానొకటి ఉంచవచ్చును. నలుగురేసి విద్యార్థులచేత విప్పించి, బొమ్మ గీయించి, లోపం ఎక్కడ, ఎందుకు అన్న రెండు ప్రశ్నలకు ఒక పుట నివేదిక రాయించవచ్చును. తిరిగి కూర్చినప్పుడు ఒక స్క్రూ మిగిలినదా లేదా అన్నదే పరీక్ష. ఆ పాఠం చెప్పడానికి ఊరి మెకానిక్కును పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలచేత 'గురువుగారూ' అనిపించవచ్చును. దానివల్ల బడి గౌరవం తగ్గదు.

శక్తిగల పిల్లలకు కొరత లేదు. 2025 జూలైలో విజయనగరం జిల్లాకు చెందిన ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి, కాలేజీకి పోవుటకై తక్కువ ఖర్చుతో తానే బ్యాటరీ సైకిలును తయారుచేసుకొన్నాడు. రాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఆ విద్యార్థిని పిలిపించి, ఆ సైకిలును స్వయంగా నడిపి, లక్ష రూపాయలు బహూకరించినారు. అభినందన న్యాయమైనదే. ఐతే అటువంటి పిల్లవాడు ఎక్కడో ఒకడు తలెత్తినప్పుడు ఆశ్చర్యపోవడంతో పెద్దల బాధ్యత తీరిపోదు. ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురు తలెత్తే వీలు కల్పించడం వారి పని.

తెలుగు ఉపాధ్యాయులకు ఇందులో పాలు లేదనుకోరాదు. పానా, పుల్లరు, బుష్షు, వాషరు, ఎదురుమర, గోలీలు మొదలైన మాటలతో మెకానిక్కులు లోపాలను ఎంతో సూక్ష్మంగా వర్ణించుకొంటారు. గరగర వేరు, కటకట వేరు, కూత వేరు. వాని వెనుక మూడు వేర్వేరు జబ్బులున్నవి. ఈ మాటలు పాఠ్యపుస్తకంలో కనిపించవు. పాఠ్యపుస్తకంలోని మాటలు ఆ అరుగుమీద వినిపించవు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రారంభించి, 1971లో చేనేత పదాల సంపుటం వెలువరించినది. రైతు నోట, సాలె నోట మాటలను శాస్త్రీయంగా సేకరించిన ఆ సంప్రదాయాన్ని మెకానిక్కు అరుగుదాక తీసుకొనిపోవలసియున్నది. విద్యార్థులు ఒక వేసవిలో ఆ పని ప్రారంభించవచ్చును. పేరు తెలియని భాగం చెడిపోయినదని చెప్పడం కూడ సాధ్యం కాదు గదా!

వసారాలో నిలిచిపోయిన ఆ సైకిలు కథ మరొక విధంగా కూడ ముగియవచ్చును. ఒక ఆదివారంనాడు ఉపాధ్యాయుడు, మెకానిక్కు, తొమ్మిదవ తరగతి విద్యార్థులు నలుగురు కలిసి దానిముందు కూర్చుంటారు. బ్యాటరీ తీసి దూరంగా పెడతారు. అట్టముక్కపై బొమ్మ గీస్తారు. మూత విప్పి, గ్రీజు ఎండిపోయి, నైలాను చక్రానికి నాలుగు పళ్ళు పోయి ఉండడం చూస్తారు. కారణం ఘాటీ ఎక్కేటప్పుడు గేరు మార్చకపోవడమని లెక్కవేసి తేల్చిన విద్యార్థి, ఆ మాట మాస్టారితో ఎట్లు చెప్పవలెనో తెలియక కొంచెం తటపటాయిస్తాడు. మాస్టారు ఆ తప్పును ఒప్పుకొంటారు. కొత్త చక్రం వచ్చిన తరువాత సైకిలు నడుస్తుంది. ఇందులో అసాధ్యమైనది ఏదీ లేదు. కావలసినవి ఆ చక్రాన్ని అమ్మే అంగడి, ఆ మూతను విప్పనిచ్చే శాసనం, విప్పి చూపే బడి.